రెండు నగరముల నడిమి దూరము



“ఆ యూరెంత దూరము?” అని యడిగినచో మన పూర్వులు “రెండు మజిలీలు” అనియో, “ఒక పూట నడక” యనియో బదులు చెప్పెడివారు. బాటసారికి ముఖ్యముగాఁ దెలియవలసినది తానెప్పుడు చేరుదునను విషయమే గదా! ఈ సంగతిని బొంబాయి, చెన్నపట్టణముల, అనఁగా నేఁటి ముంబయి, చెన్నై నగరముల, ప్రయాణచరిత్రమువలన విశదపఱచెదను.

ఈ రెండు నగరముల నడుమ సూటిగాఁ గొలిచినచో సుమారు 640 మైళ్లు. ఆమడ కెనిమిది మైళ్ల చొప్పున నెనుబది యామడలు. దినమునకు రెండామడలు నడచువానికి నలువది దినములు పట్టును. నదులు, కనుమలు, వానలు అడ్డుపడినచో రెండు మాసములైనను వింత లేదు.

1871వ సంవత్సరమున బొంబాయి నుండి వచ్చిన యినుపదారియు, చెన్నపట్టణము నుండి పోయినదియు రాయచూరు వద్దఁ గలిసికొనినవి. కడప, గుంతకల్లు, ఆదవాని మీఁదుగాఁ బోవు నీ మార్గము సుమారు 795 మైళ్లు. సూటిదారికంటె నూటయేఁబది మైళ్లు హెచ్చయ్యును, రైలుబండి రాత్రియు నడచునది గావున మాసముల ప్రయాణము దినములలోనికి వచ్చెను.

పిమ్మట విమానము వచ్చెను. ఆంగ్లదేశపు విమానపుటపా 1929 నుండి కరాచీ దాఁక వచ్చుచుండెను. దానిని దక్షిణమునకుఁ గొనివచ్చుటకై 1932 అక్టోబరు 15వ తేదీని జే. ఆర్. డీ. టాటాగారు కరాచీలో బయలుదేఱి, అహమ్మదాబాదు మీఁదుగా బొంబాయిలోని జుహూ మైదానమున దిగిరి. అచ్చటినుండి నెవిల్ విన్సెంటుగారు మఱియొక చిన్న విమానమున టపాను గైకొని బళ్లారికి వచ్చి, రాత్రి యచ్చట నిలిచి, మఱునాఁడు చెన్నపట్టణము చేరిరి.

ఇందొక లెక్క చూడుఁడు. ఆ విమానము గంటకు సుమారు నూఱు మైళ్లు పోఁగలిగినది. బళ్లారి యించుమించుగా సూటిదారిమీఁదనే యున్నది. కావున బొంబాయి నుండి చెన్నపట్టణమునకు గాలిలో నుండవలసిన కాలము ఆఱున్నర గంటలు మాత్రమే. ఐనను చేరుటకు మఱునాఁడైనది. తక్కిన కాలమంతయు నిలుపుదలకే చెల్లెను. నేఁటి పెద్ద విమానములకు రాత్రి పగలను భేదము లేదు, నడుమ దిగఁబనిలేదు. సుమారు రెండు గంటలలో నీ దూరమును దాఁటుచున్నవి. నాఁడు చెన్నరాజధానిలో నుండి, 1953లో మైసూరు రాష్ట్రమునఁ జేరిన బళ్లారికి ఆ మజిలీ గౌరవము తప్పిపోయినది.

కావున ప్రయాణకాలమనఁగా గమనకాలమును, నిలుపుదలకాలమును గలిసిన మొత్తము. ఈ సూత్రము పల్లెలకు మఱింత చెల్లును. 1932లో టపాసంచి కరాచీ నుండి రెండవనాఁటికిఁ జెన్నపట్టణము చేరినను, అందలి జాబు మాఱుమూల పల్లెను జేరుటకు మరల రైలును, బండియు, కడపట టపాబంట్రోతు కాళ్లును గావలసియుండెను. సముద్రములు దాఁటి త్వరితముగా వచ్చిన జాబు వాఁగుగట్టున నీరు తీయుదాఁక నిలిచిన, నా వేగమువలనఁ బల్లెకుఁ గలిగిన లాభమేమి?

నగరమునకును నగరమునకును నడుమఁ గాలము తగ్గుట మేలే. కాని మీ యూరికిఁ బట్టణమెంత దూరమని యధికారులడిగినపుడు మైళ్లు చెప్పి యూరకుండవలదు. వానకాలమున రోగిని వైద్యశాలకుఁ జేర్ప నెన్ని గంటలు పట్టునో, దారిలో నెచ్చట నిలిచిపోవలసి వచ్చునో చెప్పుఁడు. వంతెన కట్టవలసిన తావదియే.