కాలేయపు రాచపుండు – ధమనీమార్గ చికిత్స



మన పెద్దలు రాచపుండని పిలిచిన క్యాన్సరు కాలేయమున పుట్టి ముదిరినపుడు, దానిని కోసి తీయుట తరచుగా సాధ్యపడదు. అట్టి రోగికి దేహమంతటను మందు పారింపక, గడ్డ యున్న తావునకే పంపు పద్ధతి యెట్లేర్పడినదో నేడు మనవి చేసెదను.

కాలేయము రెండు కాలువల క్రింద సాగగు చేనువంటిది. ప్రేగులనుండి వచ్చు ద్వారసిర రమారమి ముప్పాతిక పాలు రక్తమును తెచ్చును. తక్కిన పాతిక పాలు ధమని తెచ్చును. అయితే కాలేయములోని గడ్డలు ముఖ్యముగా ధమని రక్తముతోనే పెరుగునని 1954లో అమెరికా పరిశోధకులు బ్రీడిస్, యంగ్ అనువారు చూపిరి. కలుపు ఒక్క కాలువ నీటనే బ్రతుకుచున్నదని తెలిసినచో రైతేమి చేయునో తమకు నేను చెప్పనక్కరలేదు. ఆ కాలువకు అడ్డుకట్ట వేసినను పైరునకు రెండవది యుండనే యున్నది.

ధమనిలోనికి మందెక్కించుట అంతకు ముందే మొదలైనది. 1950లో వాషింగ్టను నగర వైద్యుడు క్లాప్, ఆయన సహచరులు నైట్రోజన్ మస్టర్డు అను మందు నట్లు వాడి ఫలితములు ప్రకటించిరి. 1953లో స్వీడను దేశీయుడు సెల్డింగరు సూది గుండా సన్నని తీగను, తీగ వెంబడి మెత్తని గొట్టమును రక్తనాళములోనికి పంపు ఉపాయమును వెల్లడించెను. దానితో పొట్ట కోయకయే తొడమూలమునుండి కాలేయపు ధమనిదాక పోవుటకు దారి యేర్పడెను.

ఈ రెండును జపానులో కలిసినవి. ఒసాకా నగరమున యమదా, ఆయన తోటివారు మందులో నానిన జెలటిన్ ముక్కలతో ధమనిని మూసి, 120 మంది రోగుల వృత్తాంతమును 1983లో ప్రచురించిరి. ఆ దినములలోనే కుమమోటోలో కొన్నో అను వైద్యుడు అయొడిను చేర్చిన గసగసాల నూనెను ప్రయోగించెను. మన వంటింటి గసగసాల నూనెయే సుమండీ! అది మంచి కాలేయమునుండి జారిపోయి గడ్డలో చిరకాలము నిలుచును. కనుక మందును మోసికొనిపోవుటకు తగినదయ్యెను.

గడ్డ చిక్కిపోవుట యెల్లరును చూచిరి. రోగి యెక్కువ కాలము బ్రతికెనా యన్న ప్రశ్నకు మాత్రము చాలకాలము జవాబు లేదు. 1995లో ఫ్రాన్సు వైద్యులు కొందరికి ఈ చికిత్స చేసి, కొందరికి చేయక సరిపోల్చిరి. గడ్డ పెరుగుదల తగ్గినది. కాని పలువురికి మిగిలిన కాలేయము చెడినది, ఆయువు చెప్పుకోదగినంత పెరుగలేదు. ఇష్టము లేని ఫలితమును దాచక ప్రకటించిన ఆ వైద్యులను, క్రొత్త ఉపాయములు కనిపెట్టినవారికంటె తక్కువగా నే నెంచను.

2002లో హాంకాంగు, బార్సిలోనా నగరముల పరిశోధనలు వేరు ఫలితము నిచ్చినవి. బార్సిలోనాలో సుమారు 900 మందిని పరీక్షించి 112 మందినే చేర్చుకొనిరి. రెండేండ్లకు చికిత్స పొందినవారిలో నూటికి 63 మంది, పొందనివారిలో 27 మంది జీవించియుండిరి. హాంకాంగులో ఆ లెక్క 31, 11. ఈ భేదమునకు ఎన్నిక ముఖ్యకారణమని నా యభిప్రాయము. కాలేయమున తగిన సత్తువ గలవారినే తీసికొనిరి.

నేడీ చికిత్స హైదరాబాదు నగరమునను జరుగుచున్నది. ఇది ముదిరిన వ్యాధిని సాధారణముగా మాన్పదు. ఆయువును కొంత పొడిగించును. కామెర్లు ముదిరినవారికి, పొట్టలో నీరు నిలిచినవారికి వైద్యులు దీనిని సామాన్యముగా చేయరు. గడ్డ ద్వారసిరలోనికి ప్రాకి దానిని పూడ్చినచో మరియు సందేహింతురు. అప్పుడు ధమనినికూడ మూసినచో చేనునకు నీరు వచ్చు దారియే యుండదు.