ఆకలి జ్వరానికి రాసిన మందు చీటీ

సైలీషియా అనగానే సాహిత్య విద్యార్థికి 1844 నాటి నేతపనివారి తిరుగుబాటూ, దానిపై హైనే రాసిన కవితా, 1892లో వెలువడిన హౌప్ట్‌మన్ నాటకమూ గుర్తుకు వస్తాయి. ఆ తిరుగుబాటు దిగువ సైలీషియాలో జరిగింది. నాలుగేళ్లు తిరక్కుండానే ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం వేలాదిమందిని పొట్టనబెట్టుకుంది. ఈ చావులకు అంతటి పేరున్న కావ్యం దక్కలేదు. దక్కింది ఒక వైద్య నివేదిక.

1848 ఫిబ్రవరిలో, పత్రికల్లో గగ్గోలు పుట్టిన తర్వాత, ప్రష్యా ప్రభుత్వం 26 ఏళ్ల వైద్యుడు రుడాల్ఫ్ విర్కోను అక్కడికి పంపింది. జనంలో అత్యధికులు పోలిష్ మాట్లాడే పేదలు. భూములూ గనులూ పెద్ద ప్రభువుల చేతుల్లో ఉన్నాయి. కచేరీ భాష జర్మన్. 1847 వానలకు బంగాళాదుంప కుళ్లిపోయింది. అదే వారి తిండి. ఆకలి వెనకే జ్వరం వచ్చింది.

ఏలినవారు ఆశించింది మందుల జాబితా. విర్కో రాసింది వేరు. సంపూర్ణ ప్రజాస్వామ్యం, ప్రజల భాషలో చదువు, పేదల నెత్తినుంచి పన్నుభారం తొలగింపు, రోడ్లు, వ్యవసాయాభివృద్ధి - ఇవీ ఆయన చికిత్సలు.

ఈ నివేదికను విమర్శ లేకుండా తలకెత్తుకోనక్కరలేదు. ఆ జనం సోమరులనీ, అశుభ్రులనీ, తాగుబోతులనీ రాసేటప్పుడు విర్కోలోని నగరవాసి చిన్నచూపు బయటపడుతుంది. అయితే ఆయన అక్కడ ఆగలేదు. వారిని అలా తయారుచేసిందెవరని అడిగి, ప్రభువులనూ, అధికారగణాన్నీ, మతాధికారాన్నీ బోనెక్కించాడు. జ్వరకారణం విషయంలోనూ ఆయన పొరబడ్డాడు; చెడు వాతావరణాన్ని తప్పుపట్టాడు. టైఫస్‌ను మోసుకొచ్చేది ఒంటిపేను అని 1909లో గాని చార్లెస్ నికోల్ నిరూపించలేదు. కాని పేను ఎవరి ఒంటిమీద పెరుగుతుంది? మార్చుకోవడానికి రెండో బట్ట లేనివాడి ఒంటిమీద. శాస్త్రం మారినా విర్కో లేవనెత్తిన ప్రశ్న చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే.

తిరిగివచ్చిన కొద్దిరోజులకే, మార్చిలో, బెర్లిన్ వీధుల్లో విప్లవం రేగింది. విర్కో బారికేడ్ల దగ్గర నిలిచాడు. జూలైలో ‘వైద్య సంస్కరణ’ అనే వారపత్రిక ప్రారంభించి, పేదల పక్షాన వాదించడం వైద్యుడి ధర్మమన్నాడు. 1849లో విప్లవం ఓడింది, పత్రిక ఆగింది, ఆయన బెర్లిన్ కొలువు వదిలి వుర్జ్‌బర్గ్ వెళ్లవలసివచ్చింది. 1856లో తిరిగివచ్చి, 1859 నుంచి నగరసభ సభ్యుడిగా బెర్లిన్ భూగర్భ మురుగుకాలువల కోసం పోరాడాడు. వాటి నిర్మాణం 1873లో మొదలైంది.

ఈ తేడా గమనించదగ్గది. మురుగుకాలువను సంపన్నుడూ కోరుకుంటాడు. కలరా అతని గడపా దాటుతుంది. పన్నుల మార్పు అతని ఆస్తికే తగులుతుంది. అందుకే ప్రజారోగ్యంలో మొదటిది సాధ్యమైనంత సులభంగా రెండోది సాధ్యపడదు. అనారోగ్యపు అసమానతలకు మూలాలు సామాజిక పరిస్థితుల్లోనే ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం చెప్పింది 2008లో, అంటే విర్కో ప్రయాణానికి 160 ఏళ్ల తర్వాత.

రోగాన్ని వర్ణించి కన్నీరు పెట్టించే కథలు మనకు కొరత కాదు. ఆ రోగం ఆ ఇంటికే ఎందుకు వచ్చిందో చెప్పే కథలు కావాలి. ఒక వైద్యుడు చేయగలిగిన ఆ పని రచయిత చేయలేడా?