ఒకటి బై సున్నా

ప్రోగ్రాములు రాసేవాళ్లకి 1/0 అంటే తప్పు. సున్నాతో భాగించమంటే కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. కానీ బొగ్గుగని కార్మికుల ఛాతీ ఎక్స్‌రేలు చదివే డాక్టర్‌కి 1/0 అంటే ఒక తీర్పు. "దుమ్ము జబ్బు మొదటి దశలో ఉందని నిర్ణయించాను, కానీ అసలు లేదేమో అని కూడా గట్టిగానే ఆలోచించాను" అని దానర్థం. 0/1 దీనికి తలకిందులు. లేదనే రాశాను గానీ ఉందేమోనన్న అనుమానం పోలేదు, అని. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్ఓ, వర్గీకరణలో 0/- నుంచి 3/+ దాకా ఇలాంటి మెట్లు పన్నెండు ఉన్నాయి. ఒక్కో మెట్టు మీదా రెండు గుర్తులు: ముందుది నిర్ణయం, వెనకది ఆ నిర్ణయానికి అంటుకుని ఉన్న సందేహం.

మెదడు స్కాన్లని చదివే మెషీన్ లెర్నింగ్ గురించి నేను రాద్దామనుకున్న వ్యాసం ఇలా ఊపిరితిత్తులతో మొదలవడానికి కారణం ఉంది. ఆ చరిత్రని డీప్ లెర్నింగ్ దగ్గర మొదలుపెట్టడం అలవాటైపోయింది. కాస్త వెనక్కి తవ్వితే బొగ్గుబాయి తగులుతుంది. నాకు తగలడంలో ఆశ్చర్యం లేదు. నేను పెరిగింది గోదావరిఖనిలో, యైటింక్లైన్ కాలనీ క్వార్టర్లలో. అక్కడ ఎక్స్‌రే అంటే ఒంటికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు, ఇంటికి సంబంధించిన సంగతి.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని చెప్పాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు తీసుకుంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది, 1945లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. గోదావరి ఒడ్డున రామగుండం ప్రాంతంలో బాయిలు తెరుచుకున్నది 1960లలో. తట్టా చెమ్మాసూ పట్టిన తరం అది. గని కార్మికుడికి ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష చేయాలని 1955 నాటి మైన్స్ రూల్స్ చెప్పాయి. కాలనీల్లో దాన్ని పీఎంఈ అంటారు. న్యూమోకోనియోసిస్, అంటే దుమ్ము పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. దాన్ని పట్టుకునే ప్రధాన సాధనం ఛాతీ ఎక్స్‌రే.

ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. కార్మికుడు వైద్యపరంగా పనికి అనర్హుడని తేలితే అర్హుడైన వారసుడికి ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు సింగరేణిలో ఉంది. మధ్యలో చాలా ఏళ్లు ఆగింది. తెలంగాణ వచ్చాక వారసత్వ ఉద్యోగాల పేరుతో ప్రకటిస్తే 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత కారుణ్య నియామకాల రూపంలో వచ్చింది. అందుకే మా దగ్గర "ఆయన అన్‌ఫిట్ అయిండా?" అన్న ప్రశ్నలో జాలి ఎంత ఉంటుందో, లెక్క కూడా అంతే ఉంటుంది. పక్షవాతం వచ్చిన మనిషి స్కాన్ కవరు పట్టుకుని బోర్డు ముందుకు వెళ్తే, ఆ కవరులో ఒక జబ్బు, ఒక పెన్షను, ఒక కొడుకు ఉద్యోగం కలిసే ఉంటాయి.

చిత్రం మీద డబ్బు ఆధారపడినప్పుడు, చదివే కన్ను ఎంత నమ్మదగినదన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్న పద్ధతిగా అడిగింది వేల్స్ బొగ్గు ప్రాంతంలో. బ్రిటన్‌లో 1943లో బొగ్గు దుమ్ము జబ్బుకి నష్టపరిహారం పరిధి పెరిగింది. 1945లో కార్డిఫ్ దగ్గర న్యూమోకోనియోసిస్ పరిశోధన విభాగం పెట్టారు. దాని మొదటి డైరెక్టర్ చార్లెస్ ఫ్లెచర్, గణాంకాలు చూసే ఓల్డ్‌హామ్ కలిసి 1949లో ఒక పరిశోధన ప్రచురించారు. అవే ఫిల్ములు వేర్వేరు డాక్టర్లకి చూపించారు. కొన్నాళ్ల తర్వాత మళ్లీ అదే డాక్టర్‌కి చూపించారు. డాక్టర్లు ఒకరితో ఒకరు విభేదించారు, అది ఊహించిందే. కానీ ఒకే డాక్టర్ తన పాత తీర్పుతోనే విభేదించడం ఇబ్బంది పెట్టింది. సోమవారం జబ్బు ఉన్న కార్మికుడికి గురువారం లేకపోతే పరిహారం ఏ రోజు లెక్కన ఇవ్వాలి?

దానికి వాళ్లు కనుక్కున్న మందు చాలా సాదాది. ప్రామాణిక ఫిల్ముల సెట్టు ఒకటి పక్కన పెట్టుకుని, ఎదుటి ఫిల్ముని దానితో పోల్చి చదవడం. 1930లో జొహన్నెస్‌బర్గ్ సమావేశంతో మొదలైన ఐఎల్ఓ వర్గీకరణ ఈ దారిలోనే మెరుగవుతూ వచ్చింది. తర్వాతి సవరణల్లో పన్నెండు మెట్ల పద్ధతి స్థిరపడింది. సందేహాన్ని దాచకుండా అంకెల్లో రాయడం వైద్యులు నేర్చుకున్నది ఇక్కడ, కార్మికుల రొమ్ముల మీద.

యంత్రం ప్రవేశించింది అమెరికా వైపు నుంచి. 1968 నవంబర్‌లో ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోయాక, 1969లో అక్కడ కొత్త బొగ్గుగని ఆరోగ్య, భద్రతా చట్టం వచ్చింది. గని కార్మికులకి ఎక్స్‌రేలు తీయాలంది. ఫిల్ములు గుట్టలయ్యాయి. చదివేవాళ్ల మధ్య తేడాలు బయటపడ్డాయి. అప్పుడు ఇంజినీర్లు అడిగారు: కంప్యూటర్‌తో చదివిస్తే? 1974లో క్రూగర్, థాంప్సన్, టర్నర్. 1975లో హాల్, ఆయన సహచరులు న్యూమోకోనియోసిస్‌ని కంప్యూటర్ గుర్తించడం మీద పేపర్లు రాశారు. పిల్లి బొమ్మని గుర్తుపట్టడం కన్నా ముందే, కంప్యూటర్‌కి అప్పగించిన పనుల్లో గని కార్మికుడి ఛాతీలో మచ్చలు లెక్కపెట్టడం ఒకటి.

దుమ్ము జబ్బులో గడ్డలాగా ఒకచోట వేలు పెట్టి చూపించగలిగేది ఉండదు, ముదిరితే తప్ప. సన్నసన్న చుక్కలు ఊపిరితిత్తి అంతా పరుచుకుంటాయి. అంటే వెతకాల్సింది ఆకారం కాదు, గరుకుదనం. అంతకు కాస్త ముందు, 1973లో హరాలిక్, షణ్ముగం, డిన్‌స్టీన్ ఈ గరుకుదనాన్ని అంకెల్లోకి మార్చే పద్ధతి చెప్పారు. ఒక బిందువు ఇంత నల్లగా ఉంటే దాని పక్క బిందువు ఎంత నల్లగా ఉంటుందో లెక్కగట్టి పట్టిక వేయడం. వాళ్లు దీన్ని పరీక్షించిన బొమ్మల్లో విమానం నుంచి తీసిన ఫోటోలున్నాయి, ఉపగ్రహ చిత్రాలున్నాయి, సూక్ష్మదర్శిని కింద తీసిన ఇసుకరాళ్ల ఫోటోలు కూడా ఉన్నాయి. ఇసుకరాయి అనగానే నాకు బాయి గుర్తొచ్చింది. సింగరేణిలో బొగ్గు పొరకి పైనా కిందా ఉండేది అదే. తర్వాతి దశాబ్దాల్లో ఇవే లెక్కలు మెదడు ఎంఆర్ఐలో కణితి రకాలు వేరు చేయడానికి, అల్జీమర్స్ ఆనవాళ్లు వెతకడానికి వాడారు. రాయిని చదివిన సూత్రం మెదడు దాకా అలా చేరింది.

మెదడు ఇంత ఆలస్యంగా రావడానికి కారణం పుర్రె. మామూలు ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, లోపలి మెత్తని పదార్థం కనబడదు. 1919 నుంచి ఉన్న పద్ధతిలో వెన్నులోంచి గాలి ఎక్కించి, మెదడు గదుల నీడ చూసేవాళ్లు. రోగికి అది నరకం. 1971 అక్టోబర్ 1న లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి సీటీ స్కాన్ తీశారు. దాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టర్ కాదు, ఈఎంఐ కంపెనీలో ఇంజినీరు. 80 బై 80 గళ్ల ఆ ముతక బొమ్మలో మెదడు తనంతట తాను కనబడింది. అసలు విషయం ఇది: సీటీ పుట్టుకతోనే అంకెల పట్టిక. ఛాతీ ఫిల్ముని కంప్యూటర్‌కి ఎక్కించాలంటే ముందు అంకెలుగా మార్చాలి. మెదడు స్కాన్ నేరుగా అంకెలుగానే వస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2018లో లాన్సెట్ పత్రికలో తల సీటీ స్కాన్లని డీప్ లెర్నింగ్‌తో చదవడం మీద ఒక పేపర్ వచ్చింది. మొదటి రచయిత శశాంక్ చిలంకుర్తి. ఇంటిపేరు చూస్తే మనకి పరిచయం అక్కర్లేదు. ముంబైకి చెందిన క్యూర్ డాట్ ఏఐ బృందం పని. 2011 నుంచి 2017 మధ్య దేశంలో సుమారు 20 కేంద్రాల్లో తీసిన 3,13,318 స్కాన్లు సేకరించి, మెదడులో రక్తస్రావం, పుర్రె పగుళ్లు, మెదడు పక్కకి జరగడం లాంటివి గుర్తించడం నేర్పారు. పరీక్షకి వాడిన వాటిలో ఢిల్లీ నుంచి తెచ్చిన 491 స్కాన్ల సెట్టు ఒకటి. పేరు సీక్యూ500. ఆ సెట్టు మీద రక్తస్రావం గుర్తించడంలో స్కోరు 0.94. అంటే రక్తస్రావం ఉన్న స్కాన్ ఒకటీ లేనిది ఒకటీ ఇస్తే, నూటికి 94 సార్లు ఉన్నదానికే ఎక్కువ అనుమానం కేటాయిస్తుంది.

మరి ఆ స్కాన్‌లో రక్తస్రావం "నిజంగా" ఉందని ఎవరు చెప్పారు? ముగ్గురు రేడియాలజిస్టులు విడివిడిగా చదివారు, మెజారిటీ నిజమైంది. ఈ సెట్టుని అందరికీ విడుదల చేశారు. అందులో ముగ్గురి తీర్పులూ విడివిడి నిలువు వరసల్లో ఉన్న ఫైలు ఉంది. నేను దాన్ని తెరిచి చూసింది కోడ్ కోసమే, కానీ చాలాసేపు ఊరికే అడ్డువరసలు చదువుతూ కూర్చున్నాను. కొన్ని చోట్ల 1, 1, 1. కొన్ని చోట్ల 0, 0, 0. మధ్యలో అక్కడక్కడా 1, 0, 1. ఈ మూడో రకమే నాకు కార్డిఫ్ ఫిల్ములని గుర్తుచేసింది. ఓటు వేసేశాక 1, 0, 1 కూడా 1 అయిపోతుంది. యంత్రానికి మార్కులు వేసేటప్పుడు రెండో డాక్టర్ అనుమానానికి చోటుండదు. ఈ బృందం ఆ వరసలు దాచకుండా బయటపెట్టింది కాబట్టి మనం ఈ మాట అనుకోగలుగుతున్నాం. ఓటు ఫలితం మాత్రమే ఇచ్చే డేటా సెట్టులో ఆ అవకాశం కూడా ఉండదు.

సందేహానికి ఇంకో ముఖం కూడా ఉంది: ఎవరి మెదడుతో పోల్చి జబ్బు అంటున్నాం? కార్డిఫ్ వాళ్లకి ప్రామాణిక ఫిల్ములున్నట్టే మెదడుకి పటాలున్నాయి. చాలాకాలం ప్రపంచమంతా వాడిన తలైరాక్ పటం, 1988 కూర్పు, అరవయ్యేళ్ల ఒక స్త్రీ మెదడు ఆధారంగా గీసింది. తర్వాత మాంట్రియల్ వాళ్లు కొన్ని వందల మంది మెదళ్ల సగటు తీశారు, అయితే వాళ్లు ఎక్కువగా పాశ్చాత్యులు. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి, వంద మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల ఎంఆర్ఐలతో భారతీయ మెదడు పటం తయారుచేసింది. పాశ్చాత్య పటాలతో పోలిస్తే మన మెదళ్లు సగటున ఎత్తులోనూ వెడల్పులోనూ ఘనపరిమాణంలోనూ కొంచెం చిన్నవని తేలింది. వార్తల్లో ఇది కాస్త హాస్యానికి దారితీసింది. తెలివికి దీనితో సంబంధం లేదు. సంబంధం ఉన్నది రోగనిర్ధారణకి. అల్జీమర్స్‌లో మెదడు కుంచించుకుపోతుంది. పెద్ద మెదడుని కొలబద్దగా పెడితే, ఆరోగ్యంగా ఉన్న చిన్న మెదడు కూడా కుంచించుకుపోయినట్టు కనబడే ప్రమాదం ఉంది.

ఆ వంద మందీ యువకులు. నలభై ఏళ్లు బాయిలో దిగి, దుమ్ము పీల్చి, నైట్ షిఫ్టులు చేసి, బీపీ మాత్రలు మింగుతూ రిటైరైన మనిషి మెదడు ఎలా ఉంటే "మామూలు" అనాలి? పటం లేని చోట ఆ మామూలుని ఎవరో ఒకరు ఊహించాల్సిందే.

ఇప్పుడు ఇదే సాఫ్ట్‌వేర్ గోదావరిఖనికి వచ్చిందనుకోండి. రెండు వరసలుంటాయి. ఒకటి అర్ధరాత్రి ఎమర్జెన్సీ. మూతి వంకరపోయిన మనిషిని ఆటోలో తెచ్చారు, రేడియాలజిస్టు అందుబాటులో లేడు. అక్కడ యంత్రం ఏ చిన్న అనుమానం వచ్చినా గంట కొట్టాలి. పదిసార్లు ఊరికే కొట్టినా ఫర్వాలేదు, ఒక రక్తస్రావం తప్పిపోకూడదు. రెండోది మెడికల్ బోర్డు. అక్కడ అదే స్కాన్, అదే యంత్రం, కానీ గీత ఎక్కడ గీస్తే ఎవరికి ఏం పోతుందో వేరు. ఇటు జరిపితే అర్హత లేనివాడు లోపలికి వస్తాడు, అటు జరిపితే నిజంగా పనికి రాలేని మనిషిని మళ్లీ బాయిలోకి దింపుతారు. లాన్సెట్ పేపర్‌లో కూడా గీతలు రెండు చూపించారు: ఏదీ తప్పిపోకూడదనుకుంటే ఒకటి, తప్పుడు గంట మోగకూడదనుకుంటే ఇంకొకటి. ఏ వరసకి ఏ గీత అన్నది లెక్కల్లోంచి రాదు. అది యూనియన్ ఆఫీసులో, కంపెనీ గదిలో, అవసరమైతే కోర్టులో తేలాల్సిన విషయం.

యంత్రం వద్దని నేననడం లేదు. ఆటోలో వచ్చిన మనిషికి అది కావాలి. కానీ బోర్డు బల్ల మీదకి వచ్చే రిపోర్టులో "ఉంది" లేదా "లేదు" అని ఒక్క మాటే ఉంటే మనం 1949కి ముందుకి వెళ్లిపోయినట్టే. ఎంత అనుమానంతో ఉందన్నారు, గీత ఎక్కడ గీశారు, ఎవరి మెదళ్ల మీద నేర్పారు, ఎవరు చదివి లేబుల్ రాశారు, ఇంకొకరితో తిరిగి చదివించమని అడిగే హక్కు కార్మికుడికి ఉందా. ఇవన్నీ ఆ కాగితం మీద ఉండాలి. ఫిల్ము పక్కన వెనక అంకె వేయడం బొగ్గుగనుల డాక్టర్లు ఎప్పుడో నేర్చుకున్నారు. వాళ్ల తర్వాత వచ్చిన మనం ఆ రెండో అంకెని చెరిపేయకుండా ఉంటే చాలు.