ఉచితం

ఉత్తరాదిలో రేషన్ దుకాణాల మీద 'ఉచిత్ మూల్య్ కీ దుకాన్' అన్న బోర్డు కనిపిస్తుంది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన తెలుగువాడు అక్కడ సరుకులు ఊరికే ఇస్తారనుకుంటాడు. బోర్డు చెప్పేది సబబైన ధర అని. మనం చౌక ధరల దుకాణం అనేది దాన్నే. సంస్కృతంలో ఉచితమంటే అలవాటైనది, తగినది. హిందీ ఆ అర్థం దగ్గరే నిలిచింది. తెలుగు, కన్నడం మాత్రం ఆ మాటను డబ్బు పెట్టనక్కర్లేని వాటికి వాడుకున్నాయి.

అలాగని మన దగ్గర పాత అర్థం చచ్చిపోలేదు. సముచితం, యథోచితం, సమయోచితం, ఉచితానుచితాలు, ఔచిత్యం: వీటిలో అది నిక్షేపంగా ఉంది. ఉచిత విద్యుత్తు, ఉచిత ప్రవేశం అన్నప్పుడే కొత్త అర్థం పలుకుతుంది. ఈ రెంటికీ వంతెన కానుక అయివుంటుందని నాకు తోస్తుంది. పుచ్చుకునేవారి యోగ్యతకు తగ్గట్టు ఇచ్చేది కానుక. దానికి వెల కట్టరు.

సెర్చ్ ఇంజన్ల తీరుతెన్నులు గమనించేకొద్దీ, ఈ రెండర్థాలు ఒకే మాటలో ఇమడటం యాదృచ్ఛికం కాదేమో అనిపిస్తోంది. ఆ రంగంవాళ్లు 'రెలవెన్స్' అనేదాన్ని మనం సంబద్ధత అనో ప్రాసంగికత అనో రాస్తున్నాం. నేనైతే ఔచిత్యం అంటాను. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో ఈ గుణాన్ని పదం, వాక్యం మొదలుకొని దేశం, కాలం, అవస్థ దాకా ఇరవై ఏడు చోట్ల పరీక్షించాడు. ఏదీ దానంతటది ఉచితం కాదు, దేనికో ఉచితం అవుతుంది. వెతుకులాటలోనూ అంతే. 'గోదావరి పుష్కరాలు' అని కొట్టిన మనిషికి ఏ పేజీ చూపాలి? 2027లో స్నానానికి బయల్దేరే కుటుంబానికి ఘాట్లు, రైళ్ల వేళలు కావాలి. 2015 పుష్కరాల మీద పరిశోధన చేసే విద్యార్థికి పాత వార్తలు కావాలి. కొట్టిన అక్షరాలు ఒకటే. పేజీ ఎంత బాగా రాసినదైనా ఒకరికి తగినది ఇంకొకరికి తగదు.

తగినదాన్ని లెక్కల్లో పట్టుకునే ప్రయత్నం గూగుల్ కంటే చాలా పాతది. అన్ని పత్రాల్లోనూ కనిపించే మాటకు విలువ తక్కువ, కొన్నిట్లోనే కనిపించే మాటకు ఎక్కువ అన్న సూత్రాన్ని కారెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1972లో ప్రతిపాదించింది. పుష్కరమన్న మాట పేజీని పట్టిస్తుంది, 'మరియు' పట్టించదు. గ్రంథాలయ పత్రాల వరకూ ఇది చక్కగా పనిచేసింది. వెబ్ వచ్చాక ఒకే మాటను వందసార్లు దట్టించి పైకెక్కాలని చూసేవాళ్లు తయారయ్యారు.

1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ సెర్చ్ ఇంజన్ గూగుల్ గురించి ఒక పత్రం ప్రచురించారు. 1997 నవంబరు నాటికి పేరున్న నాలుగు వాణిజ్య సెర్చ్ ఇంజన్లలో, తన పేరు కొడితే తన పేజీనే మొదటి పది ఫలితాల్లో చూపగలిగింది ఒక్కటేనని అందులో రాశారు. వాళ్లు పట్టుకున్న ఆధారం లింకు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇచ్చిందంటే దాన్ని ఖాతరు చేసినట్టే. ఇచ్చిన పేజీకి ఎంత పరపతి ఉంటే ఆ లింకుకు అంత బరువు.

ఇక్కడే మన మాట రెండో అర్థం పనికొస్తుంది. లింకు సాక్ష్యంగా చెల్లేది ఎవరూ డబ్బిచ్చి రాయించుకోనంత వరకే. ఉచితంగా ఇచ్చిన లింకే ఉచితమైన లింకు. లింకుల బేరం మొదలయ్యాక ఆ సాక్ష్యం చెడింది. డబ్బు పుచ్చుకుని ఇచ్చిన లింకుకు గుర్తు పెట్టాలని గూగుల్ నియమం పెట్టింది. 2012లో 'పెంగ్విన్' అన్న మార్పుతో దొంగ లింకులతో పైకొచ్చిన సైట్లను కిందికి దించింది. పేజీల నాణ్యత చూడటానికి మనుషుల్నీ పెట్టుకుంది. రాసినవారి అనుభవం, నైపుణ్యం, పేరు, అన్నిటికన్నా నమ్మకం వాళ్లు చూడాలి; వాళ్లిచ్చే మార్కులు ఏ పేజీ స్థానాన్నీ నేరుగా మార్చవు, లెక్క సరిగా నడుస్తోందో లేదో చెబుతాయి. ఆరోగ్యం, డబ్బు వంటి విషయాల్లో మరీ కట్టుగా చూడమంటారు. చూడాల్సిందే. మందు మోతాదు కోసం వెతికే మనిషికి తప్పుడు పేజీ మొదట వస్తే ఆ నష్టం శరీరానికే.

కానీ లింకులు అమ్మొద్దన్న సంస్థే ఫలితాల పక్కన చోటు అమ్ముతుంది. ఈ చిక్కును ముందే చూసినవాళ్లు పేజ్, బ్రిన్‌లే. 1998 పత్రానికి అనుబంధంగా ప్రకటనల మీద ఒక చిన్న భాగం ఉంది. తమ ఇంజన్లో 'సెల్యులర్ ఫోన్' అని వెతికితే, డ్రైవింగ్ చేస్తూ ఫోన్ మాట్లాడటం వల్ల ధ్యాస ఎలా చెదురుతుందో చెప్పే అధ్యయనం మొట్టమొదట వచ్చిందట. ఫోన్ల ప్రకటనలతో బతికే ఇంజన్ ఆ పేజీని పైన పెట్టి, ప్రకటనదారులకు సంజాయిషీ చెప్పుకోవడం కష్టమని వాళ్లు రాశారు. ప్రకటనల సొమ్ముతో నడిచే ఇంజన్ వెతికేవారి కంటే ప్రకటనదారుల వైపే మొగ్గుతుందనీ రాశారు. 2000లో గూగుల్ తన ప్రకటనల వ్యాపారం తెరిచింది.

వెతికేవాడికి సెర్చ్ అప్పుడూ ఇప్పుడూ తెలుగు అర్థంలో ఉచితమే. సంస్కృత అర్థంలో ఉచితమా కాదా అన్నది, డబ్బిచ్చిన ఫలితాన్ని విడిగా పోల్చుకోగలగడం మీద చాలావరకు ఆధారపడి ఉంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో సెర్చ్ కంపెనీలకు లేఖ రాసి, చెల్లింపు ఫలితాలను స్పష్టంగా వేరుచేసి చూపమంది. 2013లో మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ తేడా కంటికి ఆనడం మునుపటికంటే తగ్గిపోయిందన్నది రెండో లేఖలోని ఫిర్యాదు.