గుండం, గుడి, సద్ది: వేములవాడ దినయాత్ర పూర్వాపరాలు

వేములవాడ రాజరాజేశ్వరస్వామి క్షేత్రాన్ని గురించిన స్థలమాహాత్మ్యాలూ, వాటిని క్లుప్తీకరించి అచ్చువేసే పర్యాటక కరపత్రాలూ రెండు విషయాలను విచారణ లేకుండానే అంగీకరించాయి. ధర్మగుండంలో స్నానం అనాదిగా నిర్వివాదమైన పుణ్యకార్యమన్నది మొదటిది. పొద్దున పోయి మాపటికి ఇల్లు చేరే నేటి యాత్ర పూర్వపు దీర్ఘయాత్రకు కుదించిన రూపమేనన్నది రెండవది. కథలాపూర్, కోరుట్ల, చందుర్తి ప్రాంతాల నుంచి తెల్లవారుజామున బయలుదేరి, గుండంలో మునిగి, దర్శనం చేసుకొని, వెంట తెచ్చుకొన్న సద్ది తిని అదే రోజు తిరిగివచ్చే ప్రయాణాన్ని ఇక్కడ దినయాత్ర అనుకొంటే, ఆ దినయాత్ర చరిత్ర ఈ రెండు అభిప్రాయాలకూ లొంగేది కాదు.

స్నానం, పురాతన కట్టడం, భోజనం అనే మూడూ ఒక్క రోజులో కలవడాన్ని జపాను వేడినీటి బుగ్గల సంస్కృతికి ప్రత్యేకమైనదిగా చెప్పి, వారిది విలాసమనీ మనది భక్తి అనీ విడదీయడం ఈమధ్య పరిపాటి అయింది. ఆ విభజన నిలవదు. కుమానో క్షేత్రానికి నడిచిపోయే జపాను యాత్రికులు దారిలోని యునోమినె బుగ్గలో మునిగి శుద్ధి పొందిన తరువాతనే ముందుకు సాగేవారు. ఆ దారిలోని చిన్న స్నానఘట్టమైన త్సుబోయు 2004లో యునెస్కో వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. ఆ ఊళ్లోనే మరుగునీటి తొట్టిలో గుడ్లు ఉడికించుకొని తినడం కూడా ఉంది. బుగ్గను 'ఓన్సెన్' అనడానికి 1948 నాటి చట్టం పెట్టిన షరతు మాత్రం పూర్తిగా లౌకికమైనది: నీరు ఊటవద్ద కనీసం 25 డిగ్రీల వేడి కలిగి ఉండాలి, లేదా పేర్కొన్న 19 పదార్థాలలో ఏదో ఒకటి నిర్ణీత పరిమాణంలో ఉండాలి. భక్తిని కొలవలేని ప్రభుత్వం నీటిని కొలిచింది, అంతే.

తెలంగాణలో వేడి ఊటలు లేకపోలేదు. భద్రాచలం దగ్గరి గుండాలలో గోదావరి ఇసుకను తవ్వితే వేడినీరు ఊరుతుంది. మణుగూరు ప్రాంతపు బొగ్గుపొరల నడుమ కూడా వేడినీటి జాడలున్నాయి. 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలో ఉండి నేడు మహారాష్ట్రలో ఉన్న కిన్వట్ తాలూకాలో ఉనకేశ్వరం బుగ్గ ఉంది. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు మాత్రం ఆ భాగ్యం లేదు. ఇక్కడి గుండాలన్నీ చల్లనివే కాబట్టి, నీటి మహిమకు వేడి, గంధకం వంటి కారణాలను చూపే వీలు లేదు. దానికి కథ కావలసివచ్చింది. పరీక్షిత్తు మనుమడైన నరేంద్రుడు పొరపాటున మునికుమారుణ్ణి చంపి, ఆ పాపాన్ని ధర్మగుండంలో కడుక్కొన్నాడన్నది ఆ కథ. ఈ నరేంద్రుణ్ణి రాజమహేంద్రవరపు రాజరాజనరేంద్రునితో కలిపివేయడం పేరులోని పోలికవల్ల పుట్టిన పొరపాటు. రాజరాజనరేంద్రుడు తూర్పు చాళుక్యుడు. వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులైన వేరొక శాఖ, ఆయన పట్టాభిషేకానికి అర్ధశతాబ్దం ముందే చరిత్రనుంచి తప్పుకొన్నవారు.

ఆ శాఖ సంగతి అందరికీ తెలిసినదే: బోధన్ నుంచి వేములవాడకు మారిన రాజధాని, నలభై రెండు యుద్ధాల వీరుడిగా పేరొందిన బద్దెగ, పంపకవిని పోషించిన రెండవ అరికేసరి. సాధారణంగా చరిత్రలు ఇక్కడ 941 నాటి పంపభారతాన్ని పేర్కొని సంతృప్తిపడతాయి. దినయాత్రకు సంబంధించినంతవరకు అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

పంపకవి తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర, నేడు బొమ్మలమ్మగుట్ట అనే కొండపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు. అందులోని తెలుగు కందపద్యాలు 2008లో తెలుగుకు ప్రాచీనభాషా హోదా వచ్చిన సందర్భంలో విరివిగా ప్రస్తావనకు వచ్చాయి గాని, శాసనంలోని మరొక విషయం మీద ఎవరూ అంతగా దృష్టి పెట్టలేదు. జినవల్లభుడు కొండరాతిపై తీర్థంకరులను, చక్రేశ్వరిని మలిపించడంతో ఆగలేదు. త్రిభువనతిలకమనే బసదిని, అంటే జైనాలయాన్ని, కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను కూడా ఏర్పరచాడు. గుడి, నీరు, నీడ ఒక్కచోట కూడాయి. ఈ మూడింటినీ చూసి ఇదే తొలి దినయాత్రాస్థలమని ప్రకటించాలనే ఉబలాటం కలగడం సహజమే గాని, ఆ మాట తొందరపాటవుతుంది. చెరువు స్నానానికని శాసనం చెప్పదు. పైగా దిగంబర మునులు పాటించవలసిన ఇరవై ఎనిమిది మూలగుణాలలో అస్నానం, అనగా స్నానం చేయకపోవడం, ఒకటి. మునులు మునగని చెరువును తీర్థమనడం కుదరదు. పొలాలకూ తోటకూ నీరిచ్చే చెరువుగానే దానిని భావించడం న్యాయం.

ఇంతకన్న బలమైన సాక్ష్యం సోమదేవసూరిది. ఆయన యశస్తిలకాన్ని శక సంవత్సరం 881లో, అంటే 959లో, గంగాధర అనే ఊళ్లో రెండవ అరికేసరి పెద్దకొడుకు ఆశ్రయంలో పూర్తిచేశాడు. ఈ గంగాధర ఏది అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ధార్వాడ ప్రాంతంలో వెదికినవారూ ఉన్నారు. అయితే రచయిత వేములవాడ ప్రభువులతో పెట్టుకొన్న సంబంధం, కురిక్యాల పక్కనే అదే పేరుగల ఊరు నేటికీ ఉండడం కలిపి చూస్తే కరీంనగర్ గంగాధరకే మొగ్గు చూపవలసివస్తుంది. ఈ సంబంధం ఊహ కాదు: 966 నాటి పర్బణి తామ్రశాసనంలో మూడవ అరికేసరి, తన తండ్రి రెండవ బద్దెగ లెంబులపాటకంలో, అంటే నేటి వేములవాడలో, కట్టించిన శుభధామ జినాలయపు మరమ్మతులకోసం ఒక గ్రామాన్ని సోమదేవునికే దానమిచ్చాడు. అటువంటి సోమదేవుడు తన గ్రంథంలో లోకుల మూఢత్వాలను లెక్కపెడుతూ, సూర్యునికి అర్ఘ్యమివ్వడం, గ్రహణస్నానం చేయడంతోపాటు నదులలోనూ సముద్రంలోనూ పుణ్యబుద్ధితో మునగడాన్ని కూడా చేర్చాడు.

అంటే, ధర్మగుండపు పుణ్యం అనాదిసిద్ధమని చెప్పుకొనే ప్రాంతంలోనే, వెయ్యేళ్లకు పైగా క్రితం, రాజాశ్రయం పొందిన ఒక మహాపండితుడు ఆ నమ్మకాన్నే అజ్ఞానమన్నాడు. ఈ మాటకు రెండు వైపులా పదునుంది. జనం మునుగుతూ ఉండకపోతే ఆయనకు ఖండించే పని పడదు కాబట్టి, స్నానాచారం పదవ శతాబ్దికే ఇక్కడ బలంగా ఉండేదనడానికి ఆయనే సాక్షి కూడా. జైనశాస్త్రగ్రంథాలలో ఇటువంటి జాబితాలు సంప్రదాయసిద్ధంగా వస్తాయి గనుక ఆయన వేములవాడ గుండాన్నే ఉద్దేశించాడని పట్టుబట్టడమూ తగదు. ఏమైనా స్నానం నిర్వివాదం కాదు, అది వాదంలో నెగ్గినది. ఓడిన పక్షపు జినబింబాలు నేటికీ జనం రాజన్న అని పిలుచుకొనే రాజరాజేశ్వరుని గుడి ఆవరణలోనే కనిపిస్తాయి. వాటి ముందునుంచే తడిబట్టలతో యాత్రికులు నడిచిపోతారు.

తరువాతి శతాబ్దాలను గురించి చెప్పవలసినది తక్కువ. కాకతీయులు, గోల్కొండ, నిజాము పాలనలలో క్షేత్రం నిలిచింది. ధర్మపురి గోదావరి తీరాన నరసింహక్షేత్రంగా పెరిగి, శేషప్పకవి శతకంతో ఇంటింటికీ చేరింది. యాత్ర మాత్రం ఒంటరిది కాదు, ఒక రోజుదీ కాదు. 1830లో మదరాసునుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో హైదరాబాదు, నిర్మల్ దారిన పోయాడు. కథలాపూర్ ఆ రాజమార్గానికి తూర్పున, పక్కకు ఉండిపోయింది. ఒంటరి యాత్రికులకు ఆద్యుడిగా చెప్పుకొనే జపాను కవి బాషో సైతం 1689 నాటి ప్రయాణంలో చాలా దూరం శిష్యుణ్ణి వెంటబెట్టుకొనే నడిచాడన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. కథలాపూర్ నుంచి వేములవాడకు ముప్పై కిలోమీటర్లకు పైబడిన దారి. ఎద్దులబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి పోదు. పోవడానికే ఒక పగలు పడుతుంది. కాబట్టి రాజన్న దగ్గరికి పోవడమంటే కుటుంబమంతా బండి కట్టుకొని, మొక్కు తీర్చడానికి కోడెను తోలుకొని, బియ్యం, పప్పు, కుండలు వేసుకొని, చెట్లకింద రాళ్లపొయ్యి పెట్టుకొని రెండు మూడు రాత్రులు గడపడమే. కోడెమొక్కు అంటే కోడెను గుడిచుట్టూ తిప్పి అక్కడ కట్టివేయడం. అది ఒక్కరి మొక్కైనా ఇంటిల్లిపాది పని.

దీనిని మార్చినది భక్తి తగ్గడం కాదు, బస్సు. 1932 జూన్‌లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించారు. ఆ సర్వీసులు పల్లెదారులు పట్టడానికి దశాబ్దాలు పట్టినా, కోరుట్లనుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ చేరే బస్సు వచ్చిన నాడే దినయాత్ర పుట్టిందనాలి. అది పాత యాత్రకు కుదింపు కాదు. ఇంటిల్లిపాది యాత్ర ఒక మనిషి యాత్రగా మారడం. భోజనంలో ఆ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. బండియాత్రలో వంట యాత్రలో భాగం. బద్దిపోచమ్మకు బోనం వండి సమర్పించడం, ఆ తరువాత అందరూ కలిసి తినడం జరిగేది. బస్సుయాత్రలో వంట ఇంటనే ముగుస్తుంది. సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసన్నం మూటకట్టుకొని పోయి, తిరుగుబస్సు ఎక్కేముందు లడ్డూ, పులిహోర ప్రసాదం కొనుక్కొంటారు. బోనం మొక్కున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ పొయ్యి పెడతారు.

రెండవ మలుపు ఇంకా ఇటీవలిది, చరిత్రకారులు పట్టించుకోనిది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలనుంచి మగవారు గల్ఫు దేశాలకు పోయాక ఇంటి మొక్కుల భారం ఆడవారిమీద పడింది; వారిలో చాలామందికి బీడీలు చుట్టడమే బతుకు. వెయ్యి బీడీలకు ఇంతని లెక్కగట్టే ఆ కూలిలో ఒకరోజు మానితే ఒకరోజు కూలే పోతుంది. వ్యవసాయంలో గుంపునాట్ల రోజుల్లో ఇష్టమొచ్చినప్పుడు మానడం కుదరదు. శివునికి ప్రత్యేకమైన సోమవారాన్ని యాత్రకు తనకు తానే ఎంచుకొనే వెసులుబాటు ఈ పనివల్ల కలిగిందనడంలో తప్పులేదు. తక్కువ కూలిని ఇది సమర్థించినట్టు మాత్రం కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణం మొదలవడంతో చార్జీ అడ్డంకి కూడా తొలగింది. శాసనసభకు వేములవాడతోనూ 2016నుంచి పాలనకు జగిత్యాలతోనూ ముడిపడిన కథలాపూర్ మండలపు స్త్రీకి ఒంటరి దినయాత్ర ఈ పథకం తరువాతే అలవాటుగా మారింది.

నేటి స్థితిని మెచ్చుకోవడానికి ఇంతకుమించి ఎక్కువ లేదు. ఉచితబస్సు ఇచ్చిన ప్రభుత్వం కూర్చోవడానికి చోటు అంతగా పెంచలేదు. సోమవారాలలో నిలబడే ప్రయాణం చేయవలసివస్తోంది. గుడి విస్తరణ పేరుతో వెచ్చించే ధనంలో జినబింబాల దగ్గర వివరంగా ఒక పలక రాయించడానికి భాగం లేకపోవడం మరింత విచారకరం. కురిక్యాల కొండను కాపాడుకోవడంలోనూ అశ్రద్ధ కనిపిస్తుంది. కరీంనగర్ గ్రానైటుకు పేరొచ్చిన కొద్దీ చుట్టుపక్కల గుట్టలు తరిగిపోయాయి. ధర్మపురి, కొండగట్టు క్షేత్రాలకు జనం నేరుగా పోతున్నారు గాని, కురిక్యాలలోని ఆ శాసనం కోసం దిగేవారు అరుదు.

బస్సులో కండక్టరు ఆడవారికి జీరో టికెట్ ఇస్తాడు. దానిమీద ఎక్కిన ఊరు, దిగే ఊరు అచ్చవుతాయి. ప్రయాణికురాలి పేరు ఉండదు.