గోదావరి డెల్టాలో బోదకాలు: మందు ఉండీ తగ్గని జబ్బు

బోదకాలు గోదావరి డెల్టాకు పాత జబ్బు. ఆయుర్వేదంలో దీన్ని శ్లీపదం అంటారు. పాత నీళ్లు నిలిచిపోయి, ఏ రుతువులోనూ చల్లదనం వదలని ప్రాంతాల్లో ఇది ఎక్కువగా వస్తుందని సుశ్రుత సంహిత చెప్పింది. నిలవనీటికీ కాలివాపుకీ సంబంధం ఉందని అంత పూర్వమే గమనించారు కానీ, ఆ రెంటి మధ్యా దోమ ఉందని తెలియడానికి 19వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. 1872లో కలకత్తాలో తిమొతీ లూయిస్ మనిషి రక్తంలో ఈ జబ్బు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లల్ని చూశాడు. అవి దోమ ఒంట్లో పెరుగుతాయని 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ కనుక్కున్నాడు.

ఈ పురుగు పద్ధతి తెలిస్తేనే తర్వాతి కథ అర్థమవుతుంది. పెద్ద పురుగులు మనిషి శోషరస నాళాల్లో నాలుగు నుంచి ఆరేళ్లు బతుకుతాయి. వాటి పిల్లలు పగలు లోపలి రక్తనాళాల్లో ఉండి, రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఈ పురుగును మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళకే. పురుగు చాలామందికి చిన్నతనంలోనే సోకుతుంది. కాలు వాయడం, మగవాళ్లలో వరిబీజం రావడం ఏళ్ల తర్వాతి మాట. ఈలోగా మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు, ఊళ్లో దోమలకు పురుగును అందిస్తూనే ఉంటాడు.

డెల్టా నేల పల్లం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక కరువు పోయింది, వరి వచ్చింది, కాలువల వెంట ఊళ్లు పెరిగాయి. నీళ్లు తెచ్చే కాలువల మీద పెట్టినంత శ్రద్ధ నీళ్లు తీసుకుపోయే మురుగు కాలువల మీద ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్‌ను చూస్తే చాలు. క్యూలెక్స్‌కు వరిచేలో నీళ్లకన్నా కుళ్లిన నీళ్లే ఇష్టం. ఇంటి వెనక మురుగుగుంట, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు, కోనసీమలో కొబ్బరి డొక్కలు నానేసే గుంట, పట్టణాల్లో వాలు లేని కచ్చా కాలువ దానికి పుట్టిళ్లు.

ఈ జబ్బుకు మందు కనుక్కున్న పరిశోధనకు నాయకుడు ఈ డెల్టాలోనే పుట్టాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో కొంత చదివి, 1923లో అమెరికా వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా పాలబడ్డారు. ఆయన పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాల 1947లో డైఇథైల్ కార్బమజైన్ అనే మందును వెలువరించింది. హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మందునే తర్వాత ఆరోగ్య శాఖ సిబ్బంది డీఈసీ మాత్ర అన్నారు. మందు వెలువడిన మరుసటి ఏడే సుబ్బారావు కన్నుమూశారు.

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందరికీ డీఈసీ మింగించడం, ఇళ్లలో డీల్డ్రిన్ చల్లడం, మురుగులో దోమ పిల్లల్ని చంపడం అందులోని మూడు పనులు. ఐదేళ్లు తిరిగేసరికి మొదటి రెండూ దెబ్బతిన్నాయి. క్యూలెక్స్ దోమ డీల్డ్రిన్‌ను తట్టుకుంది. మాత్రల సంగతి మరీ విషాదం. మందు పడగానే రక్తంలోని పురుగు పిల్లలు చస్తాయి, వాటివల్ల జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి. అంటే మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు అదే. కానీ పొద్దున దాకా బాగున్న మనిషి మాత్ర మింగి మంచం పడితే, కారణం చెప్పేవాళ్లు పక్కన లేకపోతే, ఆ వీధిలో ఇంకెవరు మింగుతారు? జనం సహకరించలేదని అధికారులు రాసుకున్నారు. సహకరించేలా చెప్పే మనుషుల్ని పెట్టకపోవడమే అసలు లోపం.

1960-61 సమీక్ష తర్వాత కార్యక్రమం ఇంటింటి మందు మానేసి పట్టణాలకు కుదించుకుపోయింది. మురుగు కాలువల్లో వారం వారం నూనెమందు చల్లడం, రాత్రిపూట రక్తం తీసి పురుగు ఉన్నవారికి పన్నెండు రోజులు డీఈసీ ఇవ్వడం మిగిలాయి. రాజమండ్రిలో ఈ జబ్బు మీద పరిశోధనకూ, సిబ్బంది శిక్షణకూ జాతీయ సంస్థ శాఖ ఒకటి వెలిసింది. దేశమంతటికీ నేర్పే కేంద్రం ఉన్న ఆ ఊరి చుట్టూ పల్లెలు మాత్రం కార్యక్రమం గీసుకున్న గీతకు అవతలే ఉన్నాయి. డెల్టా జనంలో ఎక్కువమంది ఉండేది పల్లెల్లోనే. ఈ కార్యక్రమ చరిత్రలో దీన్ని మించిన తప్పు లేదు.

వేరే దారి లేకపోలేదు. ఉప్పులో డీఈసీ కలిపి వాడకంలోకి తెచ్చిన చైనా 2007లో బోదకాలు లేని దేశంగా గుర్తింపు పొందింది. మన దేశంలోనూ లక్షద్వీప్‌లో, కరైకాల్‌లో అలాంటి ఉప్పును ప్రయోగించి చూశారు. ఫలితం బాగున్నా అది ప్రయోగం దాటలేదు.

ఇంటింటి మాత్ర దేశవ్యాప్త పద్ధతిగా మళ్లీ వచ్చింది 2004లో, నలభై ఏళ్లకు పైగా పోగొట్టుకున్నాక. పెద్దవాళ్లకు ఏడాదికోసారి మూడు డీఈసీ మాత్రలు, 2007 నుంచి వాటికి తోడు ఒక ఆల్బెండజోల్. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. ఈ మందు ప్రధానంగా పురుగు పిల్లలనే చంపుతుంది కాబట్టి, పెద్ద పురుగుల ఆయుష్షు తీరేదాకా కనీసం ఐదేళ్లు, జనాభాలో నూటికి 65 మందికి తగ్గకుండా మింగాలి. ఇక్కడా పాత తప్పే తిరగబెట్టింది. ఇంటి గుమ్మంలో చేతిలో పెట్టిన మాత్రను లెక్కలో రాశారు, గొంతు దిగిందో లేదో చూడలేదు. పంచిన సంఖ్యకూ మింగిన సంఖ్యకూ తేడా ఉందని తెలిశాక, ఎదురుగా మింగించాలనే నియమం పెట్టారు.

2002 జాతీయ ఆరోగ్య విధానం బోదకాలు నిర్మూలనకు 2015ను గడువు పెట్టింది. అది దాటిపోయింది. పక్కనున్న శ్రీలంక 2016లో గుర్తింపు తెచ్చుకోగా, మన గడువు జరుగుతూ జరుగుతూ 2027కు చేరింది.

కొత్తగా సోకడాన్ని మాత్ర ఆపుతుంది గానీ, ముదిరిన వాపును తగ్గించదు. అలాంటివారికి కావలసినవి రోజూ సబ్బుతో కాలు కడిగి ఆరబెట్టుకోవడం, పుండ్లకు మందు, తగిన చెప్పులు, వరిబీజానికి శస్త్రచికిత్స. వ్యవస్థ అన్నిటికన్నా ఆలస్యంగా పట్టించుకున్నది వీరినే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో నెలకు 5,000 రూపాయల పింఛను మొదలుపెట్టి, 2024లో 10,000 చేసింది. అది రెండు కాళ్లకూ జబ్బు నాలుగో దశకు చేరినవారికి. ఒక్క కాలే వాచినవారు, మూడో దశలో ఉన్నవారు ఆ విభాగం కిందికి రారు.