పల్నాడు, మూడు సరిహద్దులు, ఒక మామూలు

తెలుగులో "మామూలు" అంత అమాయకమైన మాట ఇంకోటి లేదేమో. "ఎలా ఉన్నావురా?" అంటే "మామూలే" అంటాం. చెక్‌పోస్టు దగ్గర లారీ క్లీనరు కాయితాల మధ్యలో మడిచిపెట్టే నోటు కూడా మామూలే. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకొచ్చిన ఈ మాటకి అసలర్థం "ఆచారంగా జరిగేది". దస్తూరీ కూడా అంతే, దస్తూరు అంటే వాడుక. ఇంగ్లీషువాడు రేవులో వసూలు చేసే సుంకానికి "కస్టమ్స్" అని పేరు పెట్టుకున్నాడు, అదీ అలవాటే. ఇన్ని భాషలవాళ్ళు ఒకరినొకరు అడక్కుండానే ఒకే జవాబుకొచ్చారన్నమాట. గేటు దగ్గర చెయ్యి చాపినవాడికి డబ్బులెందుకివ్వాలి? ఎప్పుడూ ఇస్తున్నాం కాబట్టి!

మాది పల్నాడు. మా వైపు చరిత్ర అనగానే అందరికీ బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తొస్తాయి. వాటిని సినిమావాళ్ళకి వదిలేద్దాం. నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకో చరిత్ర. ఈ నేల మీద ఒకదాని తర్వాత ఒకటి మూడు సరిహద్దులు పుట్టాయి: ఏటి సరిహద్దు, అడవి సరిహద్దు, రాష్ట్ర సరిహద్దు. మూడిటి దగ్గరా మామూలు ఉంది. మూడూ చూశాక నాకు తేలిందేంటంటే, మామూలు ఖాకీ చొక్కాకో తక్కువ జీతానికో పుట్టేది కాదు. ఒక మనిషిని ఆపగలిగే అధికారానికి పుడుతుంది. అది ఎలాగో చూద్దాం.

ముందు కొంచెం వెనక్కెళ్దాం. చినగంజాం దగ్గర మోటుపల్లి అని ఊరుంది. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244-45లో గణపతిదేవుడు అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. దాని సారాంశం ఇది: తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా మునుపటి రాజులు లాక్కునేవారు, మేము అలా చెయ్యం, నిర్ణయించిన సుంకం, అంటే ముప్ఫైలో ఒక వంతు మాత్రమే తీసుకుంటాం. స్కూల్లో దీన్ని రాజుగారి గొప్పతనం కింద చదువుకున్నాం. నిజంగా గొప్పే, కాదనను. కానీ "రేటు ఇంతే" అని రాయి మీద చెక్కించాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా రేటు ఎదుటివాడి మొహం చూసి చెప్పేవారనే కదా. దూరం నుంచి వచ్చిన వర్తకుడికి సుంకం కట్టడం పెద్ద బాధ కాదు. ఎంత కట్టాలో తెలియకపోవడమే బాధ.

ఇక మా ఏటి సంగతి. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు పల్నాడు కూడా కంపెనీ చేతికొచ్చింది. కృష్ణ అవతలి గట్టు నిజాముది. ఇటు పొందుగల, అటు మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట వాడపల్లి. ఈత వచ్చినవాడు దాటెయ్యగలిగేంత దూరమే, కానీ అది వేరే రాజ్యం. నాణెం వేరు, తపాలా వేరు, సుంకం వేరు. 1802లో కంపెనీకీ నిజాముకీ జరిగిన వ్యాపార ఒప్పందంలో సుంకం నూటికి 5 అని రాసుకున్నారు. అక్కడ సుంకాల శాఖని కరోడ్‌గిరి అనేవారు.

నదికి ఇటువైపేమన్నా సుఖమా అంటే అదీ లేదు. కంపెనీ సీమలో ఊరికీ ఊరికీ మధ్యనే సాయరు చౌకీలుండేవి. మన దేశంలోనే సరుకు ఒకచోట నుంచి ఇంకోచోటకి పోవాలంటే సుంకం కట్టాలి, రవన్నా చీటీ చూపించాలి. ఈ చౌకీల గురించి 1830ల్లో చార్లెస్ ట్రెవెల్యన్ అనే దొర బెంగాల్ నుంచి పెద్ద నివేదిక రాశాడు. చౌకీ జవాన్ల జీతాలు నామమాత్రం, వసూళ్ళు మాత్రం ఘనం, ప్రభుత్వానికి చేరేదానికంటే వ్యాపారానికి జరిగే నష్టమే ఎక్కువ అని తేల్చాడు. దాంతో కంపెనీ ఏం చేసింది? జవాన్ల జీతాలు పెంచి ఊరుకోలేదు. పైన ఇంకో ఇన్‌స్పెక్టర్నీ పెట్టలేదు. చౌకీలే ఎత్తేసింది, బెంగాల్లో 1836లో, మన మద్రాసు ప్రెసిడెన్సీలో 1844లో. కంపెనీకి మన మీద ప్రేమ కారిపోయి కాదు, ఇంగ్లండు మిల్లు గుడ్డలు లోపలికి సాఫీగా పోవాలి కదా. కారణం ఏదైతేనేం, ఆపే చోటు పోయింది. దాంతో పాటు ఆ మామూలూ పోయింది.

కానీ నలభై ఏళ్ళలోపే ఇంకో సరిహద్దు పుట్టింది. ఈసారి అడవి అంచున.

ఇప్పుడు సాగర్ కుడికాలువ కింద పచ్చగా కనపడే పల్నాడుని చూసి అప్పటి పల్నాడుని ఊహించడం కష్టం. కాలువకి నీళ్ళు వదిలింది 1967లో. అంతకుముందు అంతా మెట్ట, రాళ్ళు, వాన కోసం ఎదురుచూపు. పంట పోయినా ఇల్లు గడిచేది గొడ్ల మీద. గొడ్లకి మేత అడవిలో. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఆ అడవులు రిజర్వు అయ్యాయి. తాతల నాటి నుంచి గొడ్లు తిరిగిన చోటే ఒక గీత పడింది. గీత దాటి మేపాలంటే పుల్లరి కట్టాలి.

పుల్లరి గురించి చాలామంది రాశారు. కానీ అసలు కిటుకు పుల్లరి రేటులో లేదు, బందెలదొడ్డిలో ఉంది. గీత ఎక్కడుందో గొడ్డుకి తెలీదు. గొడ్డు గీత దాటిందా లేదా అన్నది అటవీ జవాను చెప్పిందే లెక్క. దాటిందంటే తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెడతాడు. విడిపించుకోవాలంటే జరిమానా కట్టాలి, రోజులు లెక్కేసి మేత ఖర్చు కట్టాలి, ఆ పూటకి పని మానుకుని పోవాలి. దున్నే కాలంలో ఎద్దు రెండ్రోజులు దొడ్డిలో ఉంటే ఆ ఏడాది పంట గతేంటి? అందుకని రైతు జవాను చేతిలో ఏదో ఒకటి పెట్టేవాడు. నెయ్యో, కోడో, గడ్డిమోపో, అణాలో. 1913లో మద్రాసు ప్రభుత్వం వేసిన అటవీ కమిటీ ముందు రైతులు చెప్పుకున్న బాధల్లో ఈ కింది సిబ్బంది వసూళ్ళు ప్రధానమైనవి. ప్రభుత్వానికి తెలీదనుకోవడానికి వీల్లేదు.

1921కి కథ వేరే మలుపు తిరిగింది. మాచర్ల ప్రాంతంలో అటవీ అధికారుల ఆగడాలు విచారించడానికి కాంగ్రెసు ఉన్నవ లక్ష్మీనారాయణ గారినీ, వేదాంతం నరసింహాచారి గారినీ పంపింది. ఇద్దరినీ అరెస్టు చేసి జైల్లో పెట్టారు. (ఉన్నవ వారు మాలపల్లి రాసింది ఆ జైలు రోజుల్లోనే.) ఈలోగా జనం ఒక పని చేశారు, నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ఘట్టం అదే. వచ్చిన అధికారులకి ఊళ్ళో సరుకులు అమ్మలేదు. మంగలి గడ్డం గియ్యలేదు, చాకలి బట్టలు ఉతకలేదు. ఇన్నాళ్ళూ రైతుని ఆపి నిలబెట్టింది వాళ్ళు. ఇప్పుడు ఊరు వాళ్ళని ఆపి నిలబెట్టింది. మామూలుకి మందు ఏంటో జనానికి ఏ నివేదికా చదవకుండానే అర్థమైంది!

దానికి ప్రభుత్వం చెప్పిన జవాబు తుపాకీ. చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపెయ్యమన్నది 1922 ఫిబ్రవరిలో. అదే ఫిబ్రవరి చివర్లో దుర్గి దగ్గర మించాలపాడులో పుల్లరి కట్టని రైతుల గొడ్లని తోలుకుపోవడానికి పోలీసులొచ్చారు. అడ్డం నిలబడ్డ కన్నెగంటి హనుమంతు కాల్పుల్లో చనిపోయాడు, ఆయనతో పాటు మరికొందరు. ఆయనకి పుల్లరి కట్టే స్తోమత లేక కాదు. కట్టగలిగినవాడు కట్టను అన్నాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

ఇక మూడో సరిహద్దు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో కృష్ణ మళ్ళీ ఉత్త నది అయింది. యాభై ఏడేళ్ళ పాటు మాచర్ల నుంచి నల్గొండకి పోవడమంటే పక్క జిల్లాకి పోవడం, అంతే. 2014 జూన్ 2న మళ్ళీ గీత పడింది. పొందుగల-వాడపల్లి, నాగార్జునసాగర్ దగ్గర అంతర్రాష్ట్ర చెక్‌పోస్టులొచ్చాయి. 2015 ఏప్రిల్ నుంచి ఏపీ వాహనాలకి తెలంగాణలో ప్రవేశ పన్ను మొదలైంది. విభజన మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను పోను. గీత గురించే నా మాట.

ఒక్క ఉదాహరణ చాలు. 2020లో ఏపీలో మందు రేట్లు పెంచాక అవతలి నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. సెప్టెంబరులో హైకోర్టు 3 సీసాలు తెచ్చుకోవచ్చంది. మరుసటి నెల ప్రభుత్వం నిబంధన మార్చి, పర్మిట్ లేకుండా కుదరదంది. ఇప్పుడు కారు డిక్కీలో 2 సీసాలున్న మామూలు మనిషిని ఊహించుకోండి. తను చేసింది నేరమో కాదో తనకే సరిగ్గా తెలీదు. గీత ఎక్కడుందో గొడ్డుకి తెలియనట్టే. అలాంటప్పుడు ఆపినవాడు ఏం చెబితే అదే చట్టం.

మా మామయ్య చాన్నాళ్ళు లారీ నడిపాడు. ఆయన మాట ఒకటుంది: "రేటు తెలిస్తే భయం లేదురా అబ్బాయ్, దాన్ని కిరాయిలో కలిపేసుకుంటాం. బండి పక్కకి పెట్టు అంటేనే భయం." ఆర్థికవేత్తలు ఇదే మాట పెద్ద లెక్కలతో చెప్పారు. బెంజమిన్ ఓల్కెన్, పాట్రిక్ బారన్ అనే ఇద్దరు పరిశోధకులు 2005-06లో ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో లారీలు ఎక్కించి మనుషుల్ని పంపారు. 304 ట్రిప్పుల్లో 6000కి పైగా అక్రమ చెల్లింపులు లెక్క తేలాయి, ట్రిప్పు ఖర్చులో సుమారు 13 శాతం. అసలు విశేషం వేరే ఉంది. శాంతి ఒప్పందం తర్వాత సైన్యం వెనక్కెళ్ళి దారిలో కొన్ని చెక్‌పోస్టులు తగ్గాయి. మిగిలిన చెక్‌పోస్టుల్లో రేటు పెరిగింది! నాలుగు గేట్లలో రెండు తీసేస్తే మామూలు సగం కాదు. మిగిలిన రెండు గేట్లవాళ్ళు ఆ వాటాలో కొంత పంచుకుంటారు.

మన భాషలో చెప్పాలంటే చెక్‌పోస్టు ఒక బ్లాకింగ్ కాల్. జవాబు వచ్చేదాకా ప్రోగ్రాం కదలదు. కాల్‌ని వేగంగా చేసే ప్రయత్నాలు ఎన్నైనా చెయ్యొచ్చు, సీసీ కెమెరాలు, ఏసీబీ దాడులు, బదిలీలు. కాల్ అవసరమా అని అడిగినప్పుడే అసలు మార్పు వస్తుంది. 2017 జులై 1న జీఎస్టీ రాగానే అమ్మకం పన్ను చెక్‌పోస్టులు రెండు రాష్ట్రాల్లోనూ పోయాయి, 2018 ఏప్రిల్ నుంచి అంతర్రాష్ట్ర సరుకుకి ఈ-వే బిల్లు వచ్చింది. 2025 అక్టోబరులో తెలంగాణ రవాణా శాఖ చెక్‌పోస్టులూ ఎత్తేసింది. 1844లో కంపెనీ చేసిన పనికి ఇన్నాళ్ళకి రెండో ఎడిషన్ అన్నమాట. అయితే మొబైల్ స్క్వాడ్ ఉంది, ధాన్యం లారీలని ఆపే పోలీసు చెక్‌పోస్టు ఉంది. ఆపే అధికారం ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి మారితే మామూలు కూడా వెనకాలే పోతుంది.

సరే, గేట్లన్నీ పోయేదాకా మనమేం చెయ్యాలి? 2011లో, అప్పటి కేంద్ర ప్రధాన ఆర్థిక సలహాదారు కౌశిక్ బసు ఒక ప్రతిపాదన చేశారు. మనకి హక్కుగా రావాల్సిన పనికి అడిగే వేధింపు లంచంలో ఇచ్చినవాడిని శిక్షించకూడదు, అప్పుడే వాడు ధైర్యంగా ఫిర్యాదు చేస్తాడు అని. చాలా గొడవైంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు లంచం ఇచ్చేవాడు కూడా నేరస్తుడే అన్నారు, 7 ఏళ్ళ దాకా జైలు. ఒక్క వెసులుబాటు పెట్టారు: బలవంతం మీద ఇచ్చి 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే నేరం కాదు. ఈ 7 రోజుల సంగతి మనలో ఎంతమందికి తెలుసు? తెలంగాణలో ఏసీబీ నంబరు 1064, ఫోన్లో సేవ్ చేసుకోండి.

నా అనుభవం ఒకటి. ఓ చెక్‌పోస్టు, ఏదో ఎక్కడో వదిలేద్దాం. కాయితాలన్నీ ఉన్నాయి. అయినా చాయ్ డబ్బులడిగారు. రసీదు ఇస్తే ఇస్తానన్నాను. బండి పక్కకి పెట్టమన్నారు. కారులోనే లాప్‌టాప్ తీసి పని చేసుకున్నాను. నలభై నిమిషాలకి విసుగొచ్చి వాళ్ళే వెళ్ళమన్నారు. ఇందులో నా వీరత్వం ఏమీ లేదు. నా నలభై నిమిషాలకి జీతం కటింగు లేదు, అంతే. నా వెనక ఆగిన టమాటా ఆటోవాడికి ఆ నలభై నిమిషాల్లో మార్కెట్ రేటు పడిపోతుంది. వాడు ఇవ్వక ఏం చేస్తాడు?

అందుకే "అందరూ ఇవ్వడం మానేస్తే సరి" అనే ఉపదేశం నాకు నచ్చదు. ఆగలేనివాడిని ఇవ్వొద్దనడం న్యాయం కాదు. కానీ ఆగగలిగినవాడు కూడా "వంద రూపాయలే కదా, పోనీలే" అనుకుంటే, ఆ వంద అక్కడ రేటుగా స్థిరపడుతుంది. రేపు టమాటా ఆటోవాడు కట్టాల్సింది మనం స్థిరపరిచిన రేటే. తాపీగా కూర్చుని రసీదు అడిగే స్తోమత ఉన్నవాళ్ళలో మనం ముందుంటాం. మించాలపాడులో అడ్డం నిలబడింది కూడా కట్టగలిగిన రైతే, ఆ కాలంలో దానికి ప్రాణం ఖర్చయింది. మనకి నలభై నిమిషాలు ఖర్చవుతాయి. ఈ పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఎవరైనా బండి ఆపి చాయ్ డబ్బులడిగితే, రసీదు అడగండి.